రెండువేల మైళ్ళ కాలిబాట

పల్లెటూరి పొలాల నడుమ పెరిగిన వారికి గట్టు తగాదా అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. నలుగురూ నడిచే పుంతదారిని పక్క పొలం రైతు ఒక ఏడు జానెడు మేర దున్నుకుంటాడు. మరుసటి ఏడు మూరెడు దున్నుకుంటాడు. పదేళ్ళు తిరిగేసరికి అక్కడ ఒకప్పుడు దారి ఉండేదని వృద్ధులు చెప్పుకోవడమే గాని కంటికి కనిపించేది ఏమీ ఉండదు. దారి అందరిదీ; భూమి మాత్రం ఒకరిది. ఈ చిక్కు ఒక ఊరి పొలిమేరలోనే ఇంత బాధిస్తే, రెండువేల మైళ్ళ పొడవున పదునాలుగు రాష్ట్రాల గుండా సాగే కాలిబాటను ఎంతగా బాధించి ఉండాలి? అమెరికా దేశంలోని అపలాచియన్ కాలిబాట చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

అపలాచియన్ పర్వతాలు అమెరికా తూర్పు తీరానికి సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా వ్యాపించిన ప్రాచీన పర్వతశ్రేణి. వయస్సులో హిమాలయాల కంటె ఎంతో పెద్దవి. అందువలననే అరిగి, గుండ్రబడి, చెట్టూ చేమతో నిండి ఉంటాయి. దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ మొదలుకొని ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం వరకు, ఈ శ్రేణి శిరస్సుల మీదుగా ఇప్పుడు సుమారు 2,190 మైళ్ళ నడకదారి ఉన్నది. అందులో అత్యున్నత స్థానం 6,643 అడుగుల కువోహి శిఖరం. ఆ పేరు చెరోకీ జాతివారిది. మధ్యకాలంలో దానికి వేరొక పేరు పెట్టారు. 2024లో పాత పేరును తిరిగి ఇచ్చారు. చెరోకీలలో అత్యధికులను 1838లో ప్రభుత్వ సైన్యం బలవంతాన ఈ కొండల నుండి పడమటికి తరలించింది. కనుక ఈ దారి కథను 1921లో మొదలుపెట్టే మనం, దాని కింది నేలకు అంతకు ముందే ఒక కథ ఉన్నదని మరువరాదు.

మన దేశంలో కొండదారులు సాధారణంగా కాళ్ళ వలన పుట్టినవి. యాత్రికులు నడిచారు, పశులకాపరులు నడిచారు, దారి పడింది. అపలాచియన్ దారి అలా పుట్టలేదు. అది ముందు కాగితం మీద పుట్టింది. దానిని కాగితం మీద పెట్టినవారు బెంటన్ మెకాయ్. ఆయన 1879లో జన్మించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, అక్కడనే అటవీశాస్త్రం అభ్యసించి, ప్రభుత్వ అటవీశాఖలో ఉద్యోగించారు. 1900 సంవత్సరంలో చదువు ముగిసిన వేసవిలో వెర్మాంట్ రాష్ట్రంలోని స్ట్రాటన్ కొండపైన చెట్టెక్కి చూసినప్పుడు, ఒకదాని వెనుక ఒకటిగా సాగిపోయే కొండల వరుస చూసి, వీటన్నిటినీ కలిపే దారి ఉంటే ఎట్లా ఉంటుందన్న ఊహ తనకు కలిగిందని తరువాతి కాలంలో ఆయన చెప్పుకున్నారు.

ఆ ఊహ పండడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఈలోగా ఆయన అటవీశాఖలో నేర్చుకున్న పాఠం ఒకటి ఉన్నది. 1911లో అమెరికా శాసనసభ వీక్స్ చట్టం చేసింది. తూర్పు రాష్ట్రాలలో నదుల పుట్టుకచోట్లను కాపాడే నిమిత్తం ప్రైవేటు అడవులను కొనడానికి ఆ చట్టం ప్రభుత్వానికి అధికారమిచ్చింది. కొండ మీద చెట్టు నరికితే కింద ఏటిలో నీరు ఎట్లా మారుతుందో న్యూ హాంప్‌షైర్ కొండలలో పరిశీలించిన వారిలో మెకాయ్ ఒకరు. కొండకూ పల్లానికీ, అడవికీ నగరానికీ విడదీయరాని సంబంధం ఉన్నదన్న విశ్వాసం ఆయనకు అక్కడనే స్థిరపడింది.

1921లో భార్య మరణించింది. ఆ దుఃఖంలో ఉన్న మెకాయ్‌ను మిత్రులు న్యూజెర్సీలోని ఒక పల్లెకు ఆహ్వానించారు. ఆ జులై మాసంలో వాస్తుశిల్పి క్లారెన్స్ స్టైన్, వాస్తుశిల్పుల పత్రిక సంపాదకుడు చార్లెస్ విటేకర్ ఆయన యోచనను ఆలకించి ప్రోత్సహించారు. అక్టోబరు సంచికలో వ్యాసం అచ్చయింది. గమనించవలసిన సంగతి ఏమనగా, ఆ వ్యాసం విహారయాత్రల పత్రికలో రాలేదు. వాస్తుశిల్పుల పత్రికలో వచ్చింది. మెకాయ్ దారిని కాదు, ఒక ప్రాంతాన్ని నిర్మించదలచారు. కొండల మీద కాలిబాట, ఒక్కొక్క రోజు నడక దూరంలో బస చేయడానికి పాకలు, వాటి దరిని కొద్దిమంది కలిసి నివసించే శిబిరాలు, ఆపైన వ్యవసాయ క్షేత్రాలు—ఈ నాలుగు అంగాలు ఆయన ప్రణాళికలో ఉన్నాయి. యంత్రాల రొదలో నలిగిపోతున్న నగరవాసికి ఏడాదిలో కొన్నాళ్ళయినా ఊపిరి తిరిగే చోటు కావాలని, కొండలలో పని పుట్టించి జనాన్ని నిలబెట్టాలని ఆయన ఆశయం. ఆ నాలుగింటిలో చివరకు నిలిచినవి మొదటి రెండే: బాట, పాక. మిగిలినవి కాగితం మీదనే ఉండిపోయాయి.

బాట మాత్రం త్వరగానే నేల మీదికి దిగింది. అప్పటికే ఆ ప్రాంతాలలో కొండనడక సంఘాలు ఉండేవి. వెర్మాంట్‌లో 1910లో ఏర్పడిన గ్రీన్ మౌంటెన్ సంఘం ఆ రాష్ట్రం పొడవునా ఒక దారి వేస్తూ ఉండేది. న్యూయార్క్ సంఘాలవారు రేమండ్ టోరీ అనే పత్రికారచయిత నాయకత్వాన బేర్ మౌంటెన్ ఉద్యానవనంలో కొత్త బాట తొలిచి, 1923 అక్టోబరు 7న తెరిచారు. అపలాచియన్ దారి పేరుతో తెరిచిన మొదటి భాగం అదే. 1925 మార్చిలో వాషింగ్టన్ నగరంలో అందరూ సమావేశమై, అపలాచియన్ ట్రెయిల్ కాన్ఫరెన్స్ అనే సమాఖ్యను స్థాపించారు.

సమావేశాలు జరిగినంత సులువుగా దారి సాగదు. కొంతకాలం పని చల్లబడింది. అప్పుడు ఆర్థర్ పెర్కిన్స్ అనే న్యాయవాది దానిని మరల కదిలించారు. ఆయన వెనుక వచ్చినవారు మైరన్ ఏవరీ. ఈయన మెయిన్ రాష్ట్రంలో 1899లో పుట్టారు. నౌకావ్యాపార న్యాయంలో నిపుణులు. 1927లో వాషింగ్టన్‌లో పోటోమాక్ సంఘాన్ని ఏర్పరచారు; 1931 నుండి 1952 వరకు సమాఖ్యకు అధ్యక్షులుగా ఉన్నారు. సైకిలు చక్రం వంటి కొలబద్దను తోసుకుంటూ, ప్రతి మలుపునూ, ప్రతి ఊటనూ పుస్తకంలో వ్రాసుకుంటూ, సెలవు దినాలలో ముక్కముక్కగా నడిచి, 1936 నాటికి మొత్తం దారిని నడిచిన మొదటి మనిషి ఆయనే అయ్యారు. మెకాయ్ ద్రష్ట, ఏవరీ మేస్త్రీ. ఇల్లు నిలవాలంటే ఇద్దరూ కావాలి గదా!

కాని వీరిద్దరికీ పొసగలేదు. కారణం చిన్నది కాదు. 1931లో వర్జీనియా కొండల మీద స్కైలైన్ డ్రైవ్ అనే మోటారు రహదారి నిర్మాణం ప్రారంభమైంది. కాలిబాట నడుస్తున్న ఆ శిఖరాల మీదనే రహదారి పడింది. దారి కొత్తచోటికి జరిగితే జరగనీ, ప్రభుత్వంతో తగవు పడితే అసలుకే మోసం వస్తుందని ఏవరీ వాదం. మోటారు కూత వినబడేచోట వనదారి ఉండీ లేనట్లేనని మెకాయ్ వాదం. ఉత్తరప్రత్యుత్తరాలు ఘాటెక్కాయి, 1935 ప్రాంతంలో మాటలు నిలిచిపోయాయి. ఆ సంవత్సరమే మెకాయ్ తదితరులు వన్యభూముల రక్షణకు వైల్డర్‌నెస్ సొసైటీని స్థాపించారు. దారి తెగకుండా ఉండటం ముఖ్యమా, దారి ఏ నేల గుండా పోతుందో ఆ నేల చెడకుండా ఉండటం ముఖ్యమా అన్నది వారి తగవు. తొంభై ఏళ్ళు గడిచినా ఆ ప్రశ్న పాతబడలేదు.

ఆ రోజులలోనే ఉత్తరపు కొసన మరొక మార్గం కనిపించింది. కటాడిన్ శిఖరం చుట్టూ ఉన్న అడవులు కలప, కాగితపు కంపెనీల చేతిలో ఉండేవి. వాటిని రాష్ట్రం కొనాలని పెర్సివల్ బాక్స్టర్ అనే రాజకీయ నాయకుడు తాను గవర్నరుగా ఉన్న కాలంలో ఎంత చెప్పినా శాసనసభ వినలేదు. పదవి పోయిన తరువాత ఆయన తన సొంత సొమ్ముతో కొనడం మొదలుపెట్టారు. శిఖరంతో సహా సుమారు 6,000 ఎకరాలను 1931లో రాష్ట్రానికి దానం చేశారు. ఆ తరువాత మూడు దశాబ్దాలు ముక్కముక్కగా కొంటూ పోగా మొత్తం 2 లక్షల ఎకరాలు దాటింది. ఆ నేల ఎప్పటికీ సహజస్థితిలోనే ఉండాలన్నది ఆయన పెట్టిన షరతు.

ఇక దారి. మాంద్యకాలంలో నిరుద్యోగులైన యువకుల కొరకు ప్రభుత్వం ఏర్పరచిన దళాలు కూడా చేయి వేయగా, 1937 ఆగస్టు 14న మెయిన్ రాష్ట్రంలోని ఒక గుట్టమీద చివరి రెండు మైళ్ళు పూర్తి అయ్యాయి. జార్జియా నుండి కటాడిన్ వరకు అఖండమైన దారి! కాని ఆ అఖండత్వం ఏడాది నిలిచింది. 1938 సెప్టెంబరులో వచ్చిన పెనుగాలివాన న్యూ ఇంగ్లండ్ అడవులను నేలమట్టం చేసింది. దక్షిణాన మరొక మోటారు రహదారి వచ్చి 100 మైళ్ళకు పైగా కాలిబాటను కబళించింది. తరువాత యుద్ధం వచ్చింది. బాట చూసేవారు లేరు. తెగిన దారి మరల ఒకటిగా కూడినది 1951లో మాత్రమే.

1938లోనే ఒక శుభారంభమూ జరిగింది. ప్రభుత్వ భూములలో దారికి ఇరువైపులా ఒక్కొక్క మైలు మేర కొత్త రహదారులు వేయరాదని జాతీయోద్యానశాఖ, అటవీశాఖ ఒప్పందం చేసుకున్నాయి. మంచిదే. కాని దారిలో సగానికి దగ్గరగా ఆనాడు ప్రైవేటు భూముల గుండా పోతూ ఉండేది. అక్కడ ఉన్నది ఒప్పందం కాదు, నోటిమాట. సంఘంవారు రైతు గుమ్మం ముందు నిలబడి అడిగారు. అతడు తల ఊపాడు. అంతే ఆధారం. ఆ రైతు ఉన్నన్నాళ్ళు దారి ఉంటుంది. అతని కొడుకు పొలం అమ్మితే, కొన్నవాడు కంచె వేస్తాడు. దారి మోటారు రోడ్డు పక్కకు జరుగుతుంది.

యుద్ధానంతరం ఈ దారికి ఊహించని ప్రచారం లభించింది. ఎర్ల్ షాఫర్ అనే యువకుడు పసిఫిక్ రణరంగం నుండి తిరిగివచ్చాడు. అతని ప్రాణస్నేహితుడు ఇవో జిమా యుద్ధంలో మరణించాడు. మనస్సు కుదుటపడక, 1948లో అతడు దక్షిణం నుండి ఉత్తరానికి ఒకే విడతలో 124 దినాలు నడిచాడు. అలా నడవడం సాధ్యమని సమాఖ్యలోని పెద్దలే తొలుత నమ్మలేదు. 1955లో ఓహియో రాష్ట్రానికి చెందిన ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ అవ్వ, పదకొండుగురు బిడ్డల తల్లి, చేత కుట్టుకున్న సంచి భుజాన వేసుకుని, కాళ్ళకు గుడ్డ బూట్లు తొడుక్కుని, ఒంటరిగా మొత్తం దారి నడిచింది. ముందటి ఏడు ఉత్తరాన బయలుదేరి విఫలురాలై ఇంటికి వచ్చిన మనిషి ఆమె! ఈ కథలు పత్రికలకెక్కిన కొలదీ జనం కొండలకు కదిలారు.

అదే కాలంలో పట్టణాలూ కొండలకు కదిలాయి. విహారగృహాలు, రోడ్లు, వ్యాపారాలు ఎగబాకాయి. మొదట దక్షిణపు కొసగా ఉన్న ఓగల్‌థోర్ప్ కొండ చుట్టూ కట్టడాలు పెరిగిపోగా, 1958లో ఆ కొసను ఉత్తరానికి సుమారు 20 మైళ్ళు జరిపి స్ప్రింగర్ కొండ మీద పెట్టవలసి వచ్చింది. దారిని పొడిగించడం కష్టమనుకున్నవారికి, ఉన్నదారిని నిలుపుకోవడం అంతకంటె కష్టమని అప్పుడు తెలిసింది.

విస్కాన్సిన్ సెనేటరు గేలార్డ్ నెల్సన్ 1964లో ఈ దారి రక్షణకు బిల్లు ప్రతిపాదించారు. 1968 అక్టోబరు 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో జాతీయ కాలిబాటల చట్టం వచ్చింది. అపలాచియన్ దారి, పడమటి తీరంలోని పసిఫిక్ క్రెస్ట్ దారి ఆ చట్టం కింద మొదటి జాతీయ దారులైనాయి. అయితే చట్టం పేరు పెట్టింది గాని భూమి పెట్టలేదు. పదేళ్ళు గడిచినా కొనుగోలు నత్తనడక నడిచింది. 1978 మార్చిలో సవరణ వచ్చింది. 9 కోట్ల డాలర్లు కేటాయించి, సగటున 1,000 అడుగుల వెడల్పుగల భూమిని దారికి ఇరువైపులా సంపాదించాలని ఆదేశించింది. యజమాని ఒప్పుకోనిచోట న్యాయస్థానం ద్వారా మైలుకు 125 ఎకరాల వరకు స్వాధీనం చేసుకునే అధికారమూ ఇచ్చింది. మెకాయ్ ఈ దినం చూడలేదు. 1975 డిసెంబరులో, 96 ఏళ్ళ వయస్సున, మసాచుసెట్స్‌లోని తన షర్లీ గ్రామంలో ఆయన మరణించారు.

ఇక్కడ కథ సుఖాంతమని తృప్తిపడితే రైతుకు అన్యాయం చేసినవాళ్ళమవుతాము. పెన్సిల్వేనియాలోని కంబర్లాండ్ లోయ సారవంతమైన సేద్యభూమి. అక్కడ దారి ఎన్నో ఏళ్ళు మోటారు రోడ్ల వెంట నడిచేది. పొలాల గుండా దానిని మరల్చదలచినప్పుడు 1980 దశకంలో అక్కడివారు గట్టిగా ఎదిరించారు. తాతల నాటి పొలాన్ని సెలవురోజు షికారువారి కొరకు ఎందుకు వదులుకోవాలని వారు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. అంతకు పూర్వం షెనాండోవా జాతీయోద్యానం నిమిత్తం వర్జీనియా ప్రభుత్వం వందలాది కుటుంబాలను కొండల నుండి దింపివేసింది. వారి ఇళ్ళ గోడలు, పండ్లచెట్లు నేటికీ ఆ అడవిలో కనిపిస్తాయి. ప్రకృతి రక్షణ అనే మాట వినసొంపైనదే గాని, ఎవరి నుండి రక్షణ అని అడిగినప్పుడు, ఒక్కొక్కసారి జవాబు కలపకంపెనీ కాక ఒక పేదరైతు అవుతుంది. మేలు నలుగురిదీ, నష్టం ఒకరిదీ అయిననాడు, ఆ ఒకరితో కూర్చొని మాట్లాడటం నలుగురి విధి. చాలాచోట్ల సంఘాలవారు అట్లాగే మాట్లాడారు. భూమి పూర్తిగా కొనక బాట హక్కు మాత్రమే పుచ్చుకున్నారు, సేద్యం సాగనిచ్చారు. తొందరపడినచోటనే గాయం మిగిలింది.

ఈనాడు దారిలో 99 శాతానికి మించి ప్రజల భూమి మీదనో, శాశ్వత బాట హక్కు మీదనో ఉన్నది. దానిని చూసుకునే పద్ధతి కూడా విశేషమే. భూమి ప్రభుత్వానిదైనా, 1984లో దాని నిర్వహణను జాతీయోద్యానశాఖ ఆ పాత సమాఖ్యకే అప్పగించింది. సుమారు 30 స్థానిక సంఘాలవారు దారిని వంతులుగా పంచుకున్నారు. పడిన చెట్టు తొలగించడం, వాననీటికి రాళ్ళ కాలువ కట్టడం, చెట్లపై రెండంగుళాల వెడల్పున ఆరంగుళాల పొడవున తెల్లరంగు గుర్తు వేయడం—ఇదంతా జీతం లేని పని. మన చెరువులకు పూడిక తీసిన పాత ఊరుమ్మడి పని వంటిదే ఇది.

పొడిగింపు సంగతి కూడా చెప్పాలి. కటాడిన్‌తో కొండలు ఆగిపోవు. రాజ్యపు సరిహద్దు వాటికి తెలియదు. 1994లో మెయిన్ రాష్ట్రానికి చెందిన డిక్ ఆండర్సన్ తదితరులు దారిని కెనడాలోకి, న్యూ బ్రన్స్‌విక్ గుండా క్విబెక్ వరకు పొడిగించాలని ప్రతిపాదించారు. తరువాత అది న్యూఫౌండ్‌లాండ్ ద్వీపానికి దాటింది. కోట్ల సంవత్సరాల క్రితం ఖండాలన్నీ ఒకటిగా ఉన్నప్పుడు అపలాచియన్ శిలలు స్కాట్లండ్, నార్వే, మొరాకో శిలలతో కలిసి ఉండేవి గనుక, ఆ దేశాలలోని దారులను కూడా ఈ అంతర్జాతీయ దారిలో చేర్చుకున్నారు. అయితే దీనికి 1968 చట్టం వంటి రక్ష లేదు. పలుచోట్ల రోడ్ల మీదనే సాగుతుంది. 1937 నాటి పాత దారి స్థితిలోనే ఈ కొత్త దారి ఉన్నదన్నమాట.

పాత చిక్కు అప్పుడప్పుడు న్యాయస్థానాలకు కూడా ఎక్కుతుంది. వర్జీనియాలో దారికి సుమారు 600 అడుగుల లోతున సహజవాయువు గొట్టం వేయదలచారు. దారి జాతీయోద్యానశాఖది గనుక దాని కింది నేల కూడా ఆ శాఖదేనని, అటవీశాఖ అనుమతి ఇవ్వజాలదని కొందరు వాదించారు. 2020 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తీర్పు చెప్పింది: దారి అనేది బాట హక్కు మాత్రమే, కింది భూమి అటవీశాఖదే అని. నెల తిరగకముందే ఆ గొట్టపు పథకాన్ని కంపెనీలే విరమించుకున్నాయి గాని, తీర్పు నిలిచే ఉన్నది. పుంతదారి మీద ఊరిపెద్దల ముందు జరిగే పంచాయితీ, అంతటి ఉన్నత న్యాయస్థానంలోనూ అదే పంచాయితీ!

2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను దక్షిణ భాగాన్ని చిన్నాభిన్నం చేసింది. లెక్కలేనన్ని చెట్లు దారికి అడ్డంగా కూలాయి. టెన్నెసీలో నోలిచకీ నదిని దాటించే వంతెన కొట్టుకుపోయింది. రంపాలు పట్టుకుని సంఘాలవారు మరల బయలుదేరారు. 1938లో కూలిన చెట్లను కోసినవారికి ఇప్పటివారు మనుమలు, మునిమనుమలు కావచ్చు.

మెకాయ్ కలలో నాలుగు పాళ్ళకు రెండు పాళ్ళే నెరవేరాయి. ఏవరీ కొలిచిన దారి అనేకచోట్ల ఇప్పుడు ఆ నేల మీద లేదు; పక్కకు జరిగింది. అయినా దారి ఉన్నది. దారిన పోయే దానయ్యకు ఆస్తి ఏమీ ఉండదని మనం అంటూ ఉంటాము. ఒక దేశంలో రెండువేల మైళ్ళ పొడవున, వేయి అడుగుల వెడల్పున ఆ దానయ్యకు కూడా కొంత నేల ఉన్నది. దానిని ఇచ్చినవారిలో ఇష్టపడి ఇచ్చినవారూ ఉన్నారు, కష్టపడి ఇచ్చినవారూ ఉన్నారు. ఆ దారిన నడిచేవాడు ఇద్దరినీ తలచుకొని అడుగు వేయడం ధర్మం.